ఈసీఐఎల్: మినీ కంప్యూటర్ నుంచి ఓటింగ్ యంత్రం దాకా

ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అందరి నోటా ఈసీఐఎల్, 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ సంస్థ. అణుశక్తి శాఖ కింద పనిచేసే ఈ సంస్థ దేశంలోనే రూపొందిన డిజిటల్ కంప్యూటర్లను తయారుచేసి మార్కెట్లో అమ్మింది. 1970లలో సొంత కంప్యూటర్ అంటే ఈసీఐఎల్ అన్నంత పేరు దానికుంది. 1980లు ముగిసేసరికి ఆ మార్కెట్టు పూర్తిగా చేజారింది. అయినా సంస్థ మూతపడలేదు. ఓటింగ్ యంత్రాలు, అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ వ్యవస్థలు, అంతరిక్ష పరిశోధనకు కావలసిన భారీ యాంటెన్నాలు దాన్ని తిరిగి నిలబెట్టాయి. కంప్యూటర్ వ్యాపారంలో దాన్ని దెబ్బతీసింది మైక్రోప్రాసెసర్. ఓటింగ్ యంత్రం రూపంలో దానికి మళ్లీ పని చూపించిందీ ఆ తరహా చిప్పే. ఈ రెండూ ఎలా జరిగాయో తెలియాలంటే సంస్థ పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

రియాక్టర్ దగ్గర మొదలు

అణు రియాక్టర్‌కు ఇంధనం ఎంత అవసరమో, లోపల ఏం జరుగుతోందో కొలిచే పరికరాలూ అంతే అవసరం. న్యూట్రాన్ల జోరు ఎంతుందో, ఉష్ణోగ్రత, పీడనం ఎక్కడికి చేరాయో క్షణక్షణం తెలియకపోతే నియంత్రణ కడ్డీలను ఎంత దించాలో, ఎంత లేపాలో చెప్పడం కుదరదు. 1956 ఆగస్టు 4న బొంబాయిలోని ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర రియాక్టర్‌కు ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం ఇక్కడి ఇంజినీర్లే తయారుచేసుకున్నారు. ఆ ఎలక్ట్రానిక్స్ బృందాన్ని నడిపించినవారు అయ్యగారి సాంబశివరావు, లోకానికి తెలిసిన పేరుతో చెప్పాలంటే ఏఎస్ రావు.

ఆయన పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టారు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, ఆ తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో చదువుకున్నారు. తిరిగివచ్చి బొంబాయిలో హోమీ భాభా నడుపుతున్న టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరారు. విదేశీ పరికరాన్ని కొని తెచ్చి బిగించడంతో తృప్తిపడక, దాని పని తీరు తెలుసుకుని ఇక్కడే తయారుచేయాలన్నది ఆ బృందం పట్టుదల. కొన్న పరికరం చెడిపోతే దాన్ని బాగుచేసే మనిషి కోసం వేరే దేశం వైపు చూడాలి. రియాక్టర్ దగ్గర అంత తీరిక ఉండదు.

1962 చైనా యుద్ధం తరువాత, రక్షణ అవసరాలకు కావలసిన ఎలక్ట్రానిక్స్‌లో దేశం ఎంత వెనకబడి ఉందో ప్రభుత్వానికి తెలిసివచ్చింది. 1963లో భాభా అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఏఎస్ రావు అందులో సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు. 1966లో నివేదిక బయటికి వచ్చింది. ఆ ఏడాది జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో మరణించారు. ఎలక్ట్రానిక్స్‌లో దేశం స్వయంసమృద్ధి సాధించాలని, కంప్యూటర్లూ అందులో భాగం కావాలని ఆ నివేదిక చెప్పింది. ట్రాంబేలో పరిశోధన కోసం కొద్ది సంఖ్యలో తయారవుతున్న పరికరాలను కర్మాగారం స్థాయికి తీసుకెళ్లడానికి పుట్టిన సంస్థే ఈసీఐఎల్. దానికి తొలి సారథి ఏఎస్ రావు.

ఆ రోజుల్లో హైదరాబాద్ చుట్టూ ప్రభుత్వ రంగ పరిశ్రమలు ఒక వలయంలా పెరుగుతున్నాయి. పడమర రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్ వైపు ఐడీపీఎల్, హెచ్ఏఎల్ వెలిశాయి. ఆ వరస తరువాతి కాలంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ, భానూరు బీడీఎల్ కర్మాగారం, ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ దాకా సాగింది. తూర్పు వైపున కుషాయిగూడ దగ్గర ఈసీఐఎల్, దానికి పొరుగున అణు ఇంధన సముదాయం వచ్చాయి. సంస్థ ఉద్యోగుల చుట్టూ ఊరు పెరిగింది. ఏఎస్ రావు నగర్, ఈసీఐఎల్ చౌరస్తా అన్న పేర్లు అలా వచ్చినవే. బస్సు బోర్డు మీద ఆ పేరు చూసి ఎక్కే వేలమందిలో, అక్కడ ఒకప్పుడు కంప్యూటర్లు తయారయ్యేవని తెలిసినవారు ఇప్పుడు తక్కువ.

పన్నెండు బిట్ల యంత్రం

1960లలో భారతదేశంలో కంప్యూటర్ అంటే ఐబీఎం. విదేశాల్లో వాడి పక్కన పెట్టిన 1401 రకం యంత్రాలను తెచ్చి, బాగుచేసి, ఆ కంపెనీ ఇక్కడ అద్దెకిచ్చేది. అవి లెక్కల కేంద్రాల యంత్రాలు. జీతాల పట్టీలు, గణాంకాలు రంధ్రాల కార్డుల మీద తయారుచేసి ఇస్తే, వరుసలో తమ వంతు వచ్చాక ఫలితం అచ్చయి వచ్చేది. రియాక్టర్ గదికి ఆ పద్ధతి పనికిరాదు. అక్కడ ఉష్ణోగ్రత హద్దు దాటిన మరుక్షణమే యంత్రం స్పందించాలి. చేస్తున్న పనిని ఉన్నచోట ఆపి, ఆపిన స్థానాన్ని గుర్తుపెట్టుకుని, ముంచుకొచ్చిన పని చక్కబెట్టి, మళ్లీ పాత పనిలోకి వెళ్లగలగాలి. దీన్ని ఇంజినీర్లు రియల్ టైమ్ పని అంటారు. ఇక్కడ వేగం కంటే సమయపాలన ముఖ్యం. లక్ష లెక్కలు చకచకా చేసి ఒక్క హెచ్చరిక ఆలస్యంగా ఇచ్చే యంత్రం కంటే, నెమ్మదిగా నడిచినా హెచ్చరికను తప్పకుండా వేళకు ఇచ్చే యంత్రం మేలు.

ఈ అవసరానికి సరిపోయే చిన్న కంప్యూటర్ అప్పటికి అమెరికాలో వచ్చింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో విడుదల చేసిన పీడీపీ-8 ధర 18,000 డాలర్లు. పెద్ద కంప్యూటర్ల ధర లక్షల డాలర్లలో ఉన్న కాలంలో అది ప్రయోగశాలలు కొనుక్కోగల యంత్రం. మినీ కంప్యూటర్ అన్న మాట దానితోనే స్థిరపడింది. ట్రాంబే ఇంజినీర్లు దాదాపు అదే తరహా నిర్మాణంతో తమ యంత్రాన్ని తయారుచేశారు. పేరు ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, పొట్టిగా టీడీసీ-12. 1969 జనవరిలో విక్రమ్ సారాభాయ్ దాన్ని ప్రారంభించారు. తయారీ బాధ్యత ఈసీఐఎల్‌కు వచ్చింది.

పేరులోని 12 బిట్ల సంఖ్య. ఒక బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ. పన్నెండు బిట్లను ఒక పదంగా కూర్చి ఈ యంత్రం ఒక్కసారిగా చదువుతుంది. పన్నెండు బిట్లతో 4,096 భిన్నమైన సంఖ్యలు రాయవచ్చు. చిన్న హద్దులా కనిపిస్తుంది గానీ, కొలత పరికరాల వైపు నుంచి చూస్తే అది సరిపోతుంది. 0 నుంచి 400 డిగ్రీల దాకా కొలిచే ఉష్ణమాపకాన్ని 4,096 మెట్లుగా విడగొడితే ఒక్కో మెట్టు డిగ్రీలో పదో వంతు కంటే తక్కువ. చాలా ఉష్ణమాపకాలకు అంత కచ్చితత్వం కూడా ఉండదు. నియంత్రణ గదిని మనసులో పెట్టుకుని చూస్తే పన్నెండు బిట్ల ఎంపిక తెలివైనదే.

ఆ కాలపు కంప్యూటర్లలో జ్ఞాపకశక్తి అయస్కాంతాలది. ఫెర్రైట్ అనే పదార్థంతో చేసిన అతి చిన్న ఉంగరాల్లోంచి సన్నని తీగలను అడ్డంగా, నిలువుగా దూర్చి, పూసలు గుచ్చినట్టు ఒక పలకగా అల్లేవారు. ఉంగరం ఒక దిశలో అయస్కాంతీకరణ చెందితే ఒకటి, ఎదురు దిశలో చెందితే సున్నా. ఒక అడ్డ తీగలోనూ ఒక నిలువు తీగలోనూ సగం సగం విద్యుత్తు పంపితే, అవి కలిసే చోట ఉన్న ఉంగరానికి మాత్రమే పూర్తి బలం అందుతుంది, అదొక్కటే మారుతుంది. వేల ఉంగరాల్లో కావలసినదాన్ని ఎంచుకునే ఉపాయం అది. చదివినప్పుడు ఉంగరంలోని సమాచారం చెరిగిపోతుంది కాబట్టి వెంటనే మళ్లీ రాయాలి. కరెంటు పోయినా మాత్రం రాసింది చెదరదు. కరెంటు కోతలు మామూలైన దేశంలో ఈ గుణానికి విలువ ఎక్కువ.

పన్నెండు బిట్ల చిరునామాతో నేరుగా చేరుకోగల పదాలు 4,096. అంటే 49,152 ఉంగరాలు, ఇప్పటి లెక్కలో 6 కిలోబైట్లు. ఎనిమిది గిగాబైట్ల మెమరీ ఉన్న ఒక మామూలు సెల్‌ఫోన్‌లో దానికి దాదాపు 14 లక్షల రెట్లు చోటుంది. ఆ కాస్త జాగాలోనే ప్రోగ్రామూ, లెక్కకు కావలసిన అంకెలూ సర్దాలి. అందుకే అప్పటి ప్రోగ్రామర్లు ప్రతి ఆదేశాన్నీ ఆచితూచి రాసేవారు.

టీడీసీ-12 తరువాత ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లతో (ఐసీలతో) మెరుగుపరచిన టీడీసీ-312, ఆపైన 1970ల మధ్యలో 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 16 బిట్లంటే 65,536 సంఖ్యలు. నియంత్రణ పనులతో పాటు లెక్కల కేంద్రం పనులూ దాని మీద నడిచాయి. విశ్వవిద్యాలయాలు, పరిశోధన శాలలు, ప్రభుత్వ విభాగాలు వాటిని కొన్నాయి. దేశ గగనతల రక్షణకు ఉద్దేశించిన భూతల వ్యవస్థలోనూ టీడీసీ-316లను వాడారు. యంత్రంతో పాటు దాన్ని నడిపే ప్రాథమిక సాఫ్ట్‌వేర్, ఫోర్ట్రాన్ కంపైలర్ వంటివి కూడా సంస్థ ఇంజినీర్లే రాసుకున్నారు. పరాయి దేశపు పుస్తకంలో కంప్యూటర్ నిర్మాణం చదవడం ఒకటి, తాము రాసిన కంపైలర్ తాము చేసిన యంత్రం మీద నడుస్తుంటే తప్పులు వెతికి దిద్దడం మరొకటి. ఆ రెండో పనిలో ఒక తరం ఇంజినీర్లు కుషాయిగూడలో తయారయ్యారు. అమ్మకాల పట్టికలో కనిపించని ఈ ఆస్తే తరువాత అక్కరకు వచ్చింది.

అదే కాలంలో ఈసీఐఎల్ జనానికి తెలిసింది టీవీల ద్వారా. ఈసీ టీవీ చాలా ఇళ్లలో మొదటి టీవీ. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు విద్యా కార్యక్రమాలు ప్రసారం చేసిన సైట్ ప్రయోగానికి టీవీ సెట్లు ఈ సంస్థవే. ఆంధ్రప్రదేశ్ ఊళ్లు కూడా వాటిలో ఉన్నాయి.

మార్కెట్టు జారిన తీరు

1973లో వచ్చిన విదేశీ మారక ద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు ఇక్కడి శాఖల్లో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి. ఐబీఎం అందుకు ఒప్పుకోక 1978లో దేశం విడిచివెళ్లింది. దాని యంత్రాల మరమ్మతు బాధ్యతను ప్రభుత్వ సంస్థ సీఎంసీ తీసుకుంది. పైకి చూస్తే ఈసీఐఎల్‌కు ఎదురులేని కాలం రావాలి. ఆ కాలం రాలేదు.

అమ్మకాలు మొదటినుంచీ తక్కువ. 1971-78 మధ్య ఈసీఐఎల్ అమ్మిన కంప్యూటర్లు వంద లోపే. తక్కువ సంఖ్యలో చేస్తే ఒక్కో యంత్రం ఖరీదు పెరుగుతుంది. ఖరీదు పెరిగితే కొనేవారు తగ్గుతారు. యంత్రాలు తక్కువైతే వాటికి సాఫ్ట్‌వేర్ రాసేవారూ తక్కువే. విడిభాగాలు వీలైనంతవరకు దేశంలోనే కొనాలన్న నియమం ఆశయంగా మంచిదే. కానీ చిప్పులు తయారుచేసే పరిశ్రమ లేని దేశంలో కంప్యూటర్ కంపెనీ ఒక్కటే స్వయంసమృద్ధి మోయలేదు. డిస్కులు, టేపు యంత్రాలు, ప్రింటర్లు బయటినుంచి రావలసిందే, వాటికి దిగుమతి లైసెన్సులు రావలసిందే. ప్రతి నమూనా మార్కెట్టుకు చేరేసరికి ప్రపంచం ఒక తరం ముందుకు వెళ్లిపోయేది. దీనికి ఇంజినీర్ల చేతకానితనం కారణం కాదు. పునాది పరిశ్రమ వేయకుండా పై అంతస్తు కట్టమన్న విధానానిది ఈ తప్పు.

అసలు దెబ్బ సాంకేతికత నుంచి వచ్చింది. టీడీసీ వంటి మినీ కంప్యూటర్‌లో గుండెకాయ లాంటి ప్రాసెసర్ ఒక చిప్పు కాదు. పెద్ద సంఖ్యలో విడిభాగాలను బోర్డుల మీద అతికించి, ఆ బోర్డులను తీగలతో కలిపితే ప్రాసెసర్ అయ్యేది. ఆ అల్లిక తెలిసినవారిదే కంప్యూటర్ పరిశ్రమ. 1971లో ఇంటెల్ విడుదల చేసిన 4004తో ఆ అల్లిక అంతా ఒక సిలికాన్ ముక్క మీదికి చేరడం మొదలైంది. 1974 నాటి 8080 చిప్పుతో చిన్న కంపెనీలు కూడా కంప్యూటర్ చేయగలిగాయి. ప్రాసెసర్ నిర్మాణంలో ఏళ్ల తరబడి సంపాదించిన నేర్పు, బజారులో చిప్పు కొనుక్కునేవాడికి అక్కర్లేకుండా పోయింది.

ఈసీఐఎల్ ఈ మార్పును గమనించకపోలేదు. మైక్రోప్రాసెసర్‌తో మైక్రో-78 అనే యంత్రాన్ని అదీ తెచ్చింది. అయితే 1978 ప్రాంతంలో ప్రభుత్వం చిన్న కంప్యూటర్ల తయారీని ప్రైవేటు సంస్థలకు తెరిచింది. 1976లో పుట్టిన హెచ్‌సీఎల్, ఆపైన డీసీఎం, ఓఆర్‌జీ వంటివి రంగంలోకి దిగాయి. బ్యాంకుల్లో, కంపెనీల ఖాతా విభాగాల్లో యంత్రం ఎంత ధరకు వస్తుంది, ఎన్ని రోజుల్లో వస్తుంది, చెడితే ఎవరు వస్తారు అన్నవే ప్రశ్నలు. ప్రభుత్వ శాఖల ఆర్డర్లకు అలవాటుపడిన సంస్థ ఆ ప్రశ్నలకు ప్రైవేటు కంపెనీలంత త్వరగా జవాబు చెప్పలేకపోయింది.

1981లో అమెరికాలో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. ఇంటెల్ 8088 చిప్పు, మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్, బజారులో దొరికే భాగాలతో చేసిన యంత్రం అది. దాని నిర్మాణం అందరికీ అందుబాటులో ఉండటంతో నకళ్లు వెల్లువెత్తాయి. 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించి, సుంకాలు తగ్గించి, విడిభాగాల దిగుమతిని సులభం చేసింది. ఆ తరువాత కంప్యూటర్ తయారీ అంటే చాలావరకు విడిభాగాలను బిగించడమే. కొద్దిమంది మనుషులు, ఒక చిన్న షెడ్డు, ధర దగ్గర బేరం తెలిసిన యజమాని ఉంటే సరిపోయేది. వేలమంది ఉద్యోగులతో, సొంత నిర్మాణంతో, సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఈసీఐఎల్ ఆ ధరకు దిగడం సాధ్యం కాదు.

చిన్న యంత్రాల్లో పోటీ పడలేని సంస్థ పెద్ద యంత్రాల వైపు చూసింది. 1980ల మధ్యలో నార్వేకు చెందిన నార్స్క్ డేటాతో సూపర్ మినీ కంప్యూటర్లకు, అమెరికాకు చెందిన కంట్రోల్ డేటా కార్పొరేషన్‌తో సైబర్ శ్రేణి కంప్యూటర్లకు ఒప్పందాలు కుదిరాయి. కంట్రోల్ డేటా యంత్రాలు మేధ అన్న పేరుతో ఇక్కడి విద్యాసంస్థలకు చేరాయి. కానీ మైక్రోప్రాసెసర్ ఆ పెద్ద కంపెనీలనూ వదల్లేదు. 1990ల తొలి ఏళ్లలోనే నార్స్క్ డేటా, కంట్రోల్ డేటా రెండూ ముక్కలయ్యాయి. పీడీపీ-8 చేసిన డిజిటల్ ఎక్విప్‌మెంట్ కూడా 1998లో కాంపాక్ చేతికి చిక్కింది. అరువు తెచ్చుకున్న సాంకేతికతకు ఇచ్చిన కంపెనీతో పాటే కాలం చెల్లింది. ఈసీఐఎల్ పతనాన్ని ప్రభుత్వ రంగపు మందకొడితనంగా మాత్రమే చెప్పేవారు ఈ జాబితా చూడాలి. అమెరికాలో, ఐరోపాలో గొప్పగా నడిచిన మినీ కంప్యూటర్ కంపెనీల్లో కూడా ఆ రూపంలో మిగిలినవి లేవనే చెప్పవచ్చు.

అప్పట్లో పడి లేచిన కంప్యూటర్ కంపెనీగా ప్రపంచానికి గుర్తున్నది ఆపిల్. 1976లో మొదలై, 1984లో మెకింటాష్‌తో పేరు తెచ్చుకుని, 1997 నాటికి దివాలా అంచుకు చేరింది. స్టీవ్ జాబ్స్ తిరిగివచ్చి ఉత్పత్తుల సంఖ్యను బాగా తగ్గించారు, 1998లో ఐమ్యాక్, 2001లో ఐపాడ్ వచ్చాయి. కంపెనీ తన చేతిలో మిగిలిన అసలు నేర్పును గుర్తించి, దానికి సరిపోయే వేరే వస్తువును పట్టుకోవడమే అక్కడ జరిగింది. కుషాయిగూడలో దాదాపు అలాంటి మార్పే అంతకుముందే, నెమ్మదిగా, ప్రకటనల హంగు లేకుండా జరిగింది.

ఒకే పని చేసే కంప్యూటర్

1977లో ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్ఎల్ షక్ధర్ హైదరాబాద్ వచ్చినప్పుడు, ఎన్నికలకు ఎలక్ట్రానిక్ పరికరం చేయగలరేమో చూడమని ఈసీఐఎల్‌ను అడిగారు. 1979కి నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీల ప్రతినిధులకు దాన్ని చూపించారు. తరువాత బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా తయారీలో చేరింది.

టీడీసీకీ ఈ యంత్రానికీ పైకి పోలిక కనిపించదు గానీ చుట్టరికం ఉంది. టీడీసీ ఏ ప్రోగ్రామైనా నడిపే సాధారణ కంప్యూటర్. ఓటింగ్ యంత్రం జీవితమంతా ఒకే ప్రోగ్రామ్ నడిపే కంప్యూటర్. కానీ రియాక్టర్ గదిలో అడిగిన గుణాలే పోలింగ్ బూతులోనూ అడుగుతారు. సరైన క్షణంలో స్పందించాలి, ఒకసారి నమోదైంది పోకూడదు, ఎండలో, దుమ్ములో, శిక్షణ తక్కువ ఉన్నవారి చేతుల్లో కూడా తప్పకుండా పనిచేయాలి. ఈ పనికి మినీ కంప్యూటర్ ఎంత చవకైనా పనికిరాదు. బ్యాటరీతో నడిచి, సంచిలో పట్టేంత చిన్నదై, లక్షల సంఖ్యలో తయారుకావాలంటే చిప్పు కావాలి.

యంత్రంలో రెండు ముఖ్య భాగాలు. ఎన్నికల అధికారి దగ్గర కంట్రోల్ యూనిట్, ఓటరు దగ్గర బ్యాలెట్ యూనిట్ ఉంటాయి. మధ్యలో అయిదు మీటర్ల కేబుల్. అధికారి బ్యాలెట్ మీట నొక్కితేనే ఓటరు ముందున్న యూనిట్ మేలుకుంటుంది. ఓటరు ఒక మీట నొక్కగానే ఆ అభ్యర్థి పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది, బీప్ శబ్దం వస్తుంది, యూనిట్ మళ్లీ మూసుకుపోతుంది. అధికారి తిరిగి తెరిచేదాకా ఎన్నిసార్లు నొక్కినా లెక్కలోకి రాదు. బూతును ఆక్రమించుకున్నవారు కాగితపు బ్యాలెట్లను కట్టలుగా గుద్ది పెట్టెలో వేయగలిగేవారు. ఈ యంత్రం నిమిషానికి నాలుగైదు ఓట్లకు మించి తీసుకోదు కాబట్టి ఆ పనికి గంటలు పడుతుంది. అధికారి క్లోజ్ మీట నొక్కితే యంత్రం ఇక ఓట్లు తీసుకోదు. బ్యాటరీ తీసేసినా నమోదైన ఓట్లు చిప్పులో నిలిచి ఉంటాయి. కరెంటు పోయినా చెదరని ఫెర్రైట్ ఉంగరాల గుణం, వేరే భౌతిక సూత్రంతో, ఇక్కడా కనిపిస్తుంది.

1982 మే 19న కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో వీటిని మొదటిసారి వాడారు. ఓడిన అభ్యర్థి కోర్టుకు వెళ్లారు. చట్టంలో ఎలక్ట్రానిక్ యంత్రాల ప్రస్తావన లేదని సుప్రీంకోర్టు 1984లో ఆ ఎన్నికను కొట్టివేసి, ఆ 50 కేంద్రాల్లో బ్యాలెట్ పత్రాలతో మళ్లీ పోలింగ్ పెట్టించింది. సాంకేతికతలో లోపం ఉందని కోర్టు అనలేదు, చట్టం అనుమతించలేదని మాత్రమే అన్నది. 1988 డిసెంబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అయినా పదేళ్లు యంత్రాలు గోదాముల్లోనే గడిపాయి. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలోని 16 అసెంబ్లీ స్థానాల్లో మళ్లీ వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో మొత్తం 543 నియోజకవర్గాల్లోనూ యంత్రాల మీదే ఓటు వేశారు. నమూనా నుంచి దేశమంతటి ఎన్నికకు పాతికేళ్లు పట్టింది. ఏటేటా కొత్త నమూనా కావాలనే కంప్యూటర్ బజారులో అంత ఓపిక ఎవరికీ ఉండదు. నియంత్రణ గది పని అలవాటున్న సంస్థ మాత్రం దాన్ని తట్టుకోగలిగింది.

నమ్మకం ప్రశ్న మొదటినుంచీ ఉంది, ఉండాల్సిందే. మనిషి చేతిలో కాగితం ఉంటే కళ్లతో చూసి లెక్కపెట్టవచ్చు, చిప్పులోని అంకెను అలా చూడలేడు. 2010లో హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్, మరికొందరు అంతర్జాతీయ పరిశోధకులు ఒక యంత్రాన్ని పరీక్షించి, అది చేతికి చిక్కితే భాగాలు మార్చి ఫలితాన్ని తారుమారు చేయవచ్చని చూపారు. యంత్రాలు ఏ నెట్‌వర్క్‌కూ కలవవని, కాపలా, సీళ్లు, పార్టీల ఏజెంట్ల సమక్షంలో నమూనా పోలింగ్ వంటి ఏర్పాట్లు ఉన్నాయని ఎన్నికల సంఘం వాదన. ఈ వాదోపవాదాల మధ్య వీవీప్యాట్ వచ్చింది. ఓటు వేయగానే అభ్యర్థి పేరు, గుర్తు ఉన్న చీటీ గాజు వెనక ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉపఎన్నికలో మొదటిసారి వాడారు, 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్ని కేంద్రాల్లోనూ పెట్టారు. చీటీలన్నీ లెక్కపెట్టాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్ 26న తోసిపుచ్చింది. ప్రశ్నించినవారి వల్ల యంత్రం మెరుగైందన్నది మాత్రం వీవీప్యాట్ చరిత్రే చెబుతుంది.

ఈ యంత్రానికి కఠినమైన పరీక్ష తెలంగాణలోనే ఎదురైంది. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి జనం పెద్ద ఎత్తున నామినేషన్లు వేయగా 480 మంది బరిలో మిగిలారు. అప్పుడు ఉన్నది కాగితపు బ్యాలెట్. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం అదే దారి పట్టారు. బరిలో 185 మంది, నోటాతో కలిపి 186 వరుసలు కావాలి. ఒక బ్యాలెట్ యూనిట్‌లో 16 వరుసలే ఉంటాయి. పాత ఎం2 రకం కంట్రోల్ యూనిట్‌కు నాలుగు యూనిట్లే కలపవచ్చు, అంటే 64. కొత్త ఎం3 రకానికి 24 యూనిట్ల దాకా, అంటే 384 వరుసలు కలపవచ్చు. ప్రతి బూతులోనూ 12 బ్యాలెట్ యూనిట్లను పక్కపక్కన పేర్చి పోలింగ్ జరిపారు. వాటిలో 192 వరుసలు, అవసరమైనవాటి కంటే ఆరే ఎక్కువ. రైతుల ఆగ్రహం పాత రకం యంత్రపు ఇంజినీరింగ్ హద్దును దాటిపోయింది.

ఇప్పటి రూపం

ఓటింగ్ యంత్రాలు ఈసీఐఎల్‌కు పేరు తెచ్చినా, దాని వెన్నెముక ఇప్పటికీ మొదటి పనే. అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ గదులకు కావలసిన కంప్యూటర్ ఆధారిత వ్యవస్థలు, వికిరణాన్ని కొలిచే పరికరాలు ఇక్కడ తయారవుతాయి. కంటికి కనిపించేంత భారీ పనులూ ఉన్నాయి. చంద్రయాన్-1తో మాట్లాడటానికి బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల వ్యాసం గల యాంటెన్నా తయారీ ఈసీఐఎల్‌దే. లద్దాఖ్‌లోని హాన్లేలో, సముద్రమట్టానికి దాదాపు 4,300 మీటర్ల ఎత్తున, భాభా అణు పరిశోధన కేంద్రం కోసం కట్టిన మేస్ గామా కిరణ టెలిస్కోపు కూడా ఈ సంస్థ చేతుల మీదుగా వచ్చింది. దాని దర్పణం వ్యాసం 21 మీటర్లు. 2024 అక్టోబరులో అది ప్రారంభమైంది. టన్నుల బరువున్న ఇలాంటి నిర్మాణాలను ఆకాశంలో ఒక చుక్క వైపు గురి తప్పకుండా తిప్పుతూ ఉండటం కూడా రియల్ టైమ్ నియంత్రణే. టీడీసీ-12 నాటి విద్యే ఇది.

సొంతంగా సాధారణ కంప్యూటర్లు తయారుచేసే కృషి మాత్రం ఈసీఐఎల్ చేతి నుంచి ఇతరులకు వెళ్లింది. 1988లో పుణేలో ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడ్యాక్ ఏర్పడి, 1991లో పరమ్ 8000 సూపర్ కంప్యూటర్‌ను తెచ్చింది. ఒక్క పెద్ద ప్రాసెసర్ కోసం ఎదురుచూడకుండా, బజారులో దొరికే చిన్న ప్రాసెసర్లను పదుల సంఖ్యలో కలిపి సమాంతరంగా పనిచేయించడం ఆ యంత్రం కిటుకు. మైక్రోప్రాసెసర్ రాకతో తయారీదారులు నేర్చుకున్న పాఠం అక్కడ వ్యూహంగా మారింది. ఆ పరమ్ వంశపు యంత్రాల్లో ఒకటైన పరమ్ సేవ, జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో ఉంది. దాని గరిష్ఠ సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు. 2008లో ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తరగతులు మొదలుపెట్టి, తరువాత కందికి మారిన ఈ సంస్థలో కొత్త పదార్థాల రూపకల్పన, అణువుల నిర్మాణం, యంత్ర అభ్యాసం వంటి రంగాల పరిశోధకులకు అలాంటి గణన శక్తి అవసరం. మిషన్ లక్ష్యాల్లో సర్వర్లను, ప్రాసెసర్ల మధ్య సమాచారం చేరవేసే అనుసంధానాన్ని క్రమంగా దేశంలోనే రూపొందించడం ఒకటి. సీడ్యాక్ రుద్ర పేరుతో సర్వర్లను రూపొందించింది. ప్రాసెసర్ చిప్పు వద్ద పని ఇంకా మిగిలి ఉంది. ఐఐటీ మద్రాస్ శక్తి, సీడ్యాక్ వేగ ప్రాసెసర్లు ఎవరికీ రుసుము కట్టనక్కరలేని రిస్క్-5 ఆదేశాల సమితి మీద రూపొందుతున్నాయి.